బందరులో పాత పట్నం ఎక్కడుంది? ఒక్క రోజులో చూసి రావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు విజయవాడ పటమటలో ఉంటారు. యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉండే పాత పట్నాల వీడియోలు (రాతి గోడలు, సన్నటి సందులు, బురుజు మీంచి సముద్రం) చూసి పిల్లలు "మన దగ్గర అలాంటిది లేదా" అని అడిగారు. దగ్గర్లో బందరే కదా అనుకున్నారు. 68 ఏళ్ళ అమ్మగారితో, ఇద్దరు పిల్లలతో ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా, పాత ఊరు ఎక్కడ మొదలవుతుంది అని అడిగారు.

ఒక్క రోజు చాలు. కానీ మీరు వీడియోలో చూసిన లాంటి పాత ఊరు బందరులో లేదు. అది వెతుక్కుంటూ వెళితే మధ్యాహ్నం పన్నెండింటికి కోనేరు సెంటర్లో చెమటలు కక్కుతూ "ఇంతేనా?" అంటారు. అది లేదని తెలిసి వెళితే మాత్రం, ఆ వీడియోల్లోని ఊళ్ళతో వ్యాపారం చేసిన పట్నం ఇదేనని పిల్లలకి ముక్క ముక్కగా చూపించొచ్చు. పొద్దున కోట, డచ్చి సమాధులు. ఎండెక్కాక పెడన అద్దకం షెడ్డు. సాయంత్రం మంగినపూడి సముద్రపు ఒడ్డు. ఇదీ నేను చెప్పే వరుస.

నేను చరిత్రకారుణ్ణి కాను. విజయవాడ వన్ టౌన్‌లో బట్టల వ్యాపారం మాది. సరుకు కోసం పెడనకి నెలకి రెండు సార్లయినా వెళ్ళడం నాన్నగారి కాలం నుంచీ ఉంది. నా చేతికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే కొనుగోలుదార్లని వెంటబెట్టుకుని తిరగ్గా తిరగ్గా ఊరు అలవాటైంది. వాళ్ళడిగే ప్రశ్నలకి జవాబు చెప్పలేక కొంత చదువుకున్నాను.

పాత ఊరు ఎందుకు మిగల్లేదు?

మొదటి కారణం కలప. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో వాళ్ళ రాజ్యానికి సముద్రపు గుమ్మం బందరే. అప్పుడు వచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే, ఊళ్ళో ఇళ్ళు కర్రతో కట్టినవనీ, అంత బాగా కట్టినవి కావనీ రాశాడు. ఆ ఊరి గొప్పంతా ఓడలు లంగరేసే చోటులోనే ఉందట. బంగాళాఖాతంలో అంతకన్నా మంచి రేవు లేదనీ, అక్కణ్ణుంచి పెగూకి (బర్మా), సయాంకి (థాయిలాండు), సుమత్రాకి, మక్కాకి, హొర్ముజ్‌కి ఓడలు పోతాయనీ అంటాడు. చూడండి, పేరు ఓడలది, ఇళ్ళు కర్రవి. నాలుగు వందల ఏళ్ళు నిలవడానికి అక్కడ రాయి ఏదీ? ఈ డెల్టా నల్లమట్టిలో రాయి కావాలంటే ఎక్కడి నుంచో మోసుకు రావాల్సిందే.

రెండోది ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం ఊరి మీదకి వచ్చేసింది. సుమారు 30 వేల మంది పోయారు. మీ అమ్మగారికి 1977 దివిసీమ ఉప్పెన బాగా గుర్తుండి ఉంటుంది. అదే గాలి, అదే నీళ్ళు, నూట పదమూడేళ్ళ ముందు బందరు మీద పడ్డాయనుకోండి. కారులో వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి 77 గురించి చెప్పమనండి. పిల్లలకి నాకన్నా ఆవిడే బాగా చెబుతారు.

మూడోది, రేవు మేట వేసుకుపోవడం, వ్యాపారం మద్రాసుకి తరలిపోవడం. దాని గురించి పెద్దగా చెప్పను. వెళ్ళి నిలబడితే మీకే కనబడుతుంది. కోట దగ్గర నిలబడి సముద్రం ఏదీ అని వెతుక్కోవాలి.

మరి మిగిలిందేమిటి? మొదట పేర్లు.

బందరు అంటేనే పారశీకంలో ఓడరేవు. మన విజయవాడ బందరు రోడ్డుకి మహాత్మా గాంధీ రోడ్డని పేరు పెట్టి ఎన్నేళ్ళయినా ఎవరూ అలా పిలవరు కదా. బస్టాండులో బోర్డు మీద మచిలీపట్నం అని ఉన్నా కండక్టరు అరిచేది "బందరు, బందరు" అనే.

ఊళ్ళోకి వెళ్ళాక పేటల పేర్లు చదవమనండి పిల్లల్ని. వలందపాలెం ఉంది. డచ్చివాళ్ళని, అంటే హాలండు వాళ్ళని, మనవాళ్ళు వలందులు అనేవారు. పరాసుపేట ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఇంగ్లీషుపాలెం గురించి చెప్పక్కర్లేదు. డచ్చివాళ్ళు 1605లో వచ్చి కొట్టు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు, సూరత్‌లో కుదురుకోకముందే. ఫ్రెంచివాళ్ళు 1669లో. మూడు దేశాల వాళ్ళు పక్కపక్కన కాపురం పెట్టి ఒకరి సరుకు మీద ఒకరు కన్నేసిన ఊరు ఇది. ఫ్రెంచివాళ్ళదైతే మరీ విచిత్రం. ఊళ్ళో వాళ్ళ పేరు మీద చిన్న ముక్క నేల 1947 దాకా ఉండిపోయింది. మనకి ఆగస్టులో స్వాతంత్ర్యం వస్తే, ఆ ముక్క అక్టోబరులో మన చేతికొచ్చింది. ఆటోలో పరాసుపేట దాటుతున్నప్పుడు ఈ సంగతి చెబితే ఎవరైనా తల తిప్పి చూస్తారు. చూడ్డానికి అక్కడేమీ లేదు, మామూలు వీధి.

కోట. ఊరికి తూర్పున, సముద్రం వైపు మూడు కిలోమీటర్లుంటుంది. కోట అంటే కొండపల్లిలా ఊహించుకోకండి. ఇటుక గోడలు, పైకప్పు ఊడిన గదులు, ఆయుధాలు దాచిన కట్టడం, చుట్టూ తుమ్మ చెట్లు, ఉప్పు పేరిన నేల. వెనకటి రోజుల్లో దీనికి రక్షణ గోడలకన్నా బురదే. ఊరికీ కోటకీ మధ్య అంతా చిత్తడి, దాని మీద ఒక్క కట్ట దారి. 1759 ఏప్రిల్లో కోట ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండగా, ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట మీదపడ్డాడు. ఒక చిన్న దండుని ఎవరూ దిగరనుకున్న బురదలో నుంచి నడిపించి అటువైపు గోల చేయించాడు. లోపలివాళ్ళు అటు చూస్తుండగా అసలు దెబ్బ ఇంకోవైపు కొట్టాడు. ఆ తర్వాత ఈ తీరంలో ఫ్రెంచివాళ్ళ మాట చెల్లలేదు. హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ కూడా ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు.

ఆ బురద సంగతి నాకు అనుభవమే. ఒకసారి అక్టోబరులో, ముందురోజు వాన పడిందని తెలిసీ, జైపూరు నుంచి వచ్చిన ఇద్దరిని కోట చూపిద్దామని కారు తారు రోడ్డు దించాను. పైన ఎండి పెచ్చు కట్టి ఉంది, కింద జావ. ముందు చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. గొర్రెలు మేపుకునే ఒకాయన వచ్చి, తుమ్మ కొమ్మలు నరికి చక్రాల కింద వేసి, నలుగురు తోస్తే గంటన్నరకి బయటపడ్డాం. జైపూరాయన తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా నలుపు. "కర్నల్ గారు ఇందులోనే నడిచారండీ" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. ఆ సీజన్ ఆర్డరూ రాలేదు. కాబట్టి వాన పడిన వారంలో కారు రోడ్డు దించకండి, నడిచి వెళ్ళండి. అమ్మగారిని లోపలికి తీసుకెళ్ళొద్దు. నేల ఎగుడుదిగుడు, ముళ్ళు. కారులోనే కూర్చోబెట్టి మీరు ఇరవై నిమిషాల్లో చూసి రండి. అంతకన్నా పట్టదు. పిల్లలకి చెప్పులు కాదు, బూట్లు వేయండి.

డచ్చి సమాధులు. నా లెక్కలో బందరులో నిజంగా పాతదంటే ఇదే. నల్లటి రాతి పలకలు, వాటి మీద 17వ శతాబ్దపు అక్షరాలు. అక్షరాలు రాతిలోకి చెక్కినవి కావు, చుట్టూ రాయి తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. వేళ్ళతో తడిమితే తెలుస్తుంది. కుటుంబ చిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుల అల్లికలు ఉంటాయి. ఎంతో సన్నటి పని. నేను మొదటిసారి చూసినప్పుడు నా బుర్రకి తట్టింది ఒక్కటే: ఈ ఆకుల తీగ మా పెడన అద్దకం అచ్చుల్లో ఉందే! ఎవరు ఎవరి దగ్గర నేర్చారో చెప్పడానికి నేను చాలను. కానీ మీరు పొద్దున ఇక్కడ చూసి, మధ్యాహ్నం పెడనలో అచ్చులు చూడండి. పిల్లలతో పోలికలు వెతికించండి. మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు రెండు గంటలు ఆ ఆట ఆడింది. ఒక్కోసారి గేటుకి తాళం ఉంటుంది. పక్కింటివాళ్ళని అడిగితే ఎవర్ని పిలవాలో చెబుతారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, రాళ్ళ మీద కూర్చోనివ్వకండి.

సెయింట్ మేరీ చర్చి దారిలోనే. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జాన్ పేటర్ అనే అధికారి, 1809లో చనిపోయిన ఎరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి సమాధి చోట కట్టించాడు. టైముంటే దిగండి, లేకపోతే లేదు.

పెడన. మీ రోజంతటిలో ఎక్కువ సేపు ఇక్కడ గడపండి. బందరుకి పది కిలోమీటర్ల లోపే. ఆ వలందులూ పరాసులూ ఇంత దూరం వచ్చింది ఇక్కడి అద్దకం గుడ్డ కోసమే, అదే మనం కలంకారీ అనేది. మిరియాలు కొనాలంటే జావా, సుమత్రా వాళ్ళకి వెండి కన్నా ఈ తీరపు గుడ్డ ఇస్తే ముద్దు. తర్వాత యూరప్ ఆడవాళ్ళే దీని మీద మోజు పడ్డారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో రంగు అద్దిన మన గుడ్డని రానివ్వకుండా చట్టాలు చేశాయి. అంత గిరాకీ ఎందుకంటే, ఉతికినా పోని ఎరుపు. వాళ్ళ దగ్గర నూలు మీద అలాంటి రంగు నిలిచేది కాదు. మన దగ్గర చిరివేరు (ఎరుపు రంగిచ్చే వేరు), పటిక, కరక్కాయ కలిసి ఆ పని చేసేవి.

షెడ్డులోకి వెళ్ళాక తొందరపడకండి. ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ చూడండి, లేత పసుపు రంగులో ఉంటుంది. తర్వాత అద్దే బల్ల. కింద గోనె పట్టాలు పరిచి మెత్తగా ఉంటుంది. అద్దే మనిషి టేకు అచ్చుని రంగు తొట్టిలో తడి గొంగళి ముక్క మీద ఒకసారి ఆనించి, గుడ్డ మీద పెట్టి, పిడికిలి పక్కతో ధబ్ ధబ్ అని రెండు దెబ్బలు వేస్తాడు. అచ్చు ఎత్తగానే మొదట ఏమంత కనబడదు. నలుపు ఎలా వస్తుందో పిల్లల్ని అడగనివ్వండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి వారాల తరబడి నీళ్ళలో నానేస్తారు. ఆ పులిసిన రసాన్ని కసిం అంటారు. అది చూడ్డానికి నల్లగా ఉండదు. గుడ్డలోని కరక్కాయ తగలగానే నల్లబడుతుంది, మన కళ్ళ ముందే.

ఎరుపుది ఇంకా చిత్రం. అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. ఎక్కడ అద్దామో ఆనవాలుకి కాస్త రంగు కలుపుతారంతే. తర్వాత గుడ్డని పారే నీళ్ళలో ఉతికి, పెద్ద రాగి పాత్రలో రంగు వేరుతో ఉడకబెడతారు. కర్రలతో తిప్పుతూ ఉంటారు. ఒక్క పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతికితే పోతుంది. ఆ పాత్ర దగ్గర నిలబడే అదృష్టం దొరికితే వదలకండి. కాకపోతే పిల్లల్ని కాస్త దూరంగా పెట్టండి, పొయ్యి కిందనుంచి కట్టెలు బయటకి పొడుచుకుని ఉంటాయి.

ఆదివారం వెళ్ళకండి, శనివారం వెళ్ళండి. ఆదివారం చాలా షెడ్లలో పని ఉండదు, తాళాలు చూసి రావాలి. వానాకాలంలో కూడా పని మందగిస్తుంది, గుడ్డ ఆరదు. అడిగితే లోపలికి రానిస్తారు. ఫొటోలు తీసే ముందు అడగండి, కొత్త డిజైను బల్ల మీద ఉంటే తీయొద్దంటారు. అందులో తప్పు లేదు, వాళ్ళ బతుకు అది.

కొనాలనుకుంటే ఒక మాట. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు దొరుకుతుంది, పెడనలోనూ, మన వన్ టౌన్‌లోనూ. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, నాన్నగారు ఊళ్ళో లేని రోజు, చవకగా వస్తోందని ఒక బేలు కొన్నాను. రంగు చూసి మురిసిపోయాను. దీపావళి అమ్మకాలయ్యాక పది రోజుల్లో ఒక్కొక్కరే తడిసిన చీరలు పట్టుకుని కొట్టుకొచ్చారు. నాన్నగారు నన్ను తిట్టలేదు. ఒక చీర తీసి, గల్లా వెనక మేకుకి తగిలించి, "రోజూ చూడు" అన్నారు. ఆరేళ్ళు ఉందది అక్కడ. అప్పటినుంచీ నేను చూసేవి ఇవి: గుడ్డ తిప్పి చూడండి, అచ్చు పనిలో రంగు వెనక్కి బాగా దిగుతుంది. అంచు పొడవునా చూడండి, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుక వాసి తప్పి ఉంటుంది. ఎక్కడా తప్పకపోతే అది చెయ్యి కాదు. ముక్కు దగ్గర పెట్టుకోండి, కొత్త గుడ్డకి కాస్త పుల్లటి మట్టి వాసన ఉంటుంది, కిరోసిను వాసన కాదు. ఇంటికొచ్చాక మొదటి రెండు ఉతుకులూ విడిగా, నీడన ఆరేయండి.

దారి, టైము. విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి, సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళుతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఉయ్యూరులో టిఫిను తిని కూడా ఎనిమిదిన్నరకి కోట దగ్గరుంటారు. పది లోపు కోట, సమాధులు అయిపోవాలి. ఆ తర్వాత ఎండకి అక్కడ నీడ లేదు. అమ్మగారికి గుడి ఒకటి ఉండాలంటే చిలకలపూడి పాండురంగస్వామి గుడి దగ్గరే, అక్కడ కాసేపు చల్లగా కూర్చోవచ్చు. చిలకలపూడి బంగారం అని మనం అనే రోల్డుగోల్డు ఊరు కూడా అదే, కాబట్టి ఆవిడ అక్కడ మీరనుకున్న దానికన్నా ఎక్కువసేపు ఉంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. మే నెల గురించి ఆలోచించొద్దు.

మంగినపూడి. ఊరికి పదకొండు కిలోమీటర్లు. ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. కాళ్ళు దిగబడతాయి. చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది కదా అని పిల్లల్ని వదిలేయకండి, ఆ ధైర్యంతోనే లోపలికి వెళ్ళి ప్రమాదాలు జరుగుతుంటాయి. ఇంకొకటి, తూర్పు తీరం కదా, సముద్రంలో సూర్యుడు అస్తమించడం చూద్దామని కూర్చుంటే వీపు వెనక అస్తమిస్తాడు. మా బంధువొకాయన కెమెరా స్టాండు కూడా వేసుకున్నాడు. కొత్త పోర్టు పనులు 2023 నుంచి జరుగుతున్నాయి, అటు లారీల తాకిడి ఉంటుంది. చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి.

మీరు అడగలేదు గానీ, మధ్యయుగాల రేవే చూడాలన్న పట్టుదల ఉంటే అది బందరు కాదు, మోటుపల్లి. గుంటూరు వైపు నుంచి చీరాల దాటాక, చినగంజాం దగ్గర. కాకతీయుల రేవు అది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దాని గురించీ, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించీ రాశాడు, ఆ రాణి రుద్రమదేవే అంటారు. ఇప్పుడది చిన్న పల్లె, పాత గుళ్ళు. వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసన స్తంభం ఉంది. అంతకుముందు ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదకి తెగించి వచ్చేవాళ్ళు వీళ్ళు, వీళ్ళ దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాయించాడు. సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, ఏనుగు దంతం, ఏ సరుకుకి ఎంతో కూడా అందులోనే ఉంది. నా వ్యాపార బుద్ధికి నచ్చిన శాసనం అది. కానీ అది వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు కలిపితే కారులో కూర్చోవడమే సరిపోతుంది.

లడ్డు సంగతి. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో తొక్కుడు లడ్డనే అంటాం. శనగపిండి జంతికల్లా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ మళ్ళీ రోట్లో దంచుతారు, అందుకే ఆ పేరు. నోట్లో పెడితే పంటికి రవ్వ తగలకూడదు. కొట్లో ముందు ఒకటి తిని చూసి కొనండి, ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దున కొని కారు డిక్కీలో పెట్టుకుని రోజంతా తిరగొద్దు, ఎండకి నెయ్యి దిగి పెట్టె అడుగు తడిసిపోతుంది. పక్కన కలంకారీ చీరలుంటే ఇంక చెప్పక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో, ఊరు దాటబోయే ముందు కొనుక్కోండి.